150 కోట్ల ఏళ్ల పాకురు: గోదావరి పక్క రాళ్ల చరిత్ర

మన గ్రూపులో అప్పుడప్పుడు రాళ్ల ఫోటోలు వస్తుంటయి. "గుట్ట మీద దొరికింది, చారలు చారలుగ ఉంది, ఇది ఫాసిలేనా అన్నా?" అని అడుగుతుంటరు. ఒకరు చెట్టు మొద్దు అంటరు, ఇంకొకరు డైనోసార్ గుడ్డు అంటరు. అందుకే స్ట్రోమటోలైట్ అనే ఫాసిల్ గురించి కొంచెం పెద్దగనే రాస్తున్న. ఇది మన దిక్కు ఉన్న అన్నిటికన్నా పాత ఫాసిల్. అయినా దీన్ని దాటుకుంట పోయేటోళ్లే ఎక్కువ, ఎందుకంటే ఇందులో ఎముక ఉండదు, ఆకు ఉండదు.

ముందు ఒక నిరాశ కలిగించే మాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గుట్టలల్ల ఇది దొరకది. మన గుట్టలు చాలా మట్టుకు గ్రానైట్, నైస్ రాళ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల వేడికి, ఒత్తిడికి కరిగి, ముడుచుకొని గట్టిపడ్డయి. కరీంనగర్ క్వారీల నుంచి టాన్ బ్రౌన్ పేరుతోని విదేశాలకు పోయే బండలు గూడ ఈ జాతివే. నైస్‌ల కనబడే తెల్లవి, నల్లవి చారలు ఖనిజాల చారలు, ప్రాణి జాడ కాదు. అంత వేడిల ఉడికిన రాయిలో ఏ ఫాసిలూ నిలువది. కాబట్టి మన ఊరి గుట్ట మీద వెతికి వెతికి యాష్టపడకుండ్రి. తూర్పుకు పోవాలె. రామగుండం, మంథని దాటినంక ములుగు మీదుగ పాకాల చెరువు దాక ఒక పాత సముద్రం అడుగు పరుచుకొని ఉంది. ఆ సముద్రంల పేరుకున్న సున్నపురాయిలో ఇది ఉంటది.

అసలు ఇది ఏంది? వానాకాలం బండ మీద కాలు పెడితే జర్రున జారిపడ్తం గదా, ఆ పాకురు లాంటిదే. సయనోబ్యాక్టీరియా అనే కంటికి కనబడని జీవులు లోతు తక్కువ నీళ్లల్ల జిగట పొరలెక్క పరుచుకుంటయి. అల తెచ్చిన సన్న మట్టి ఆ జిగటకు అంటుకుంటది, నీళ్లలో ఉన్న సున్నం గూడ అక్కడనే గట్టిపడ్తది. మట్టి కప్పితే ఎండ అందదు, ఎండ లేకపోతే ఆ జీవులు బతకయి. అందుకని మళ్ల పైకి పాకి ఇంకో పొర ఏస్తయి. గట్ల పొర మీద పొర, వేల ఏండ్లు. కోసి చూస్తే ఉల్లిగడ్డ పొరల లెక్క, గోబిగడ్డ అడ్డకోత లెక్క కనబడ్తది. పొర మందం తరచుగ మిల్లీమీటరు గూడ ఉండదు. అంటే మనం చూసేది ఆ జీవి శరీరం కాదు, అది కట్టుకున్న ఇల్లు.

ఆ జీవులు చిన్నవేం కావు, పనిని బట్టి చూస్తే. ఎండను తిని ఆక్సిజన్ వదిలిన మొదటి జీవులు ఇవే. సుమారు 240 కోట్ల ఏండ్ల కింద గాలిల ఆక్సిజన్ నిలబడుడు మొదలయిందంటే వీటి పుణ్యమే. ప్రపంచంల అందరు ఒప్పుకునే పాత స్ట్రోమటోలైట్లు ఆస్ట్రేలియాలోని పిల్‌బరల ఉన్నయి, వాటి వయసు సుమారు 348 కోట్ల ఏండ్లు. మన పాకాల సున్నపురాళ్లకు 150 కోట్ల ఏండ్లు దాటినయి. రామగుండం బొగ్గు చాలా పాతది అనుకుంటం గని, ఆ బొగ్గుకు 30 కోట్ల ఏండ్లు గూడ లేవు. బొగ్గు గనికి, ఈ సున్నపురాయికి నడుమ దూరం కొన్ని కిలోమీటర్లే. కాలంల మాత్రం వంద కోట్ల ఏండ్ల పైన.

ఇప్పుడు చరిత్రలకు వద్దాం. ఈ రాళ్లను పుస్తకానికి ఎక్కించింది జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పని చేసిన విలియం కింగ్. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిండని సింగరేణి చరిత్రల చదువుకుంటం గదా, ఆయననే. 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద, 1881లో ప్రాణహిత-గోదావరి లోయ మీద పెద్ద నివేదికలు అచ్చేసిండు. సున్నపురాళ్లు ఉన్న ఈ పాత వరుసకు పాకాల చెరువు పేరే పెట్టిండు, అందుకే ప్రపంచమంతా దీన్ని పాఖాల్ అంటరు. తర్వాత వచ్చినోళ్లు దాన్ని భాగాలు చేసి మల్లంపల్లి, ములుగు, పందికుంట, రామగుండం, రాజారం అని పేర్లు పెట్టిన్రు. అన్నీ మన ఊళ్లే, మనోళ్లు తిరిగే అడవులే. ఊరి పేరు రాయికి ఎక్కి విదేశీ పత్రికలకు గూడ పోయింది. ఆ ఊరి పిల్లగానికి మాత్రం ఆ సంగతి బడిలో ఎవరూ చెప్పరు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఇదే.

కింగ్ తిరిగిన కాలంల స్ట్రోమటోలైట్ అనే మాటే పుట్టలేదు. 1883లో అమెరికాల జేమ్స్ హాల్ న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా దగ్గరి గుండ్రని పొరల రాళ్లకు క్రిప్టోజూన్ అని పేరు పెట్టిండు, 'దాగి ఉన్న జంతువు' అని దాని అర్థం. జంతువు అనుకొని పొరపడ్డడు. 1908లో జర్మనీల ఎర్న్‌స్ట్ కాల్కోవ్‌స్కీ గ్రీకు మాటలు కలిపి ఈ పేరు తయారు చేసిండు. స్ట్రోమా అంటే పరుపు, పొర, లిథోస్ అంటే రాయి. పేరు వచ్చినా నమ్మకం కుదరలేదు. 1931లో గూడ బ్రిటన్‌ల పేరున్న వృక్షశాస్త్రవేత్త సీవర్డ్, ఇవి జీవం చేసినవని చెప్పటానికి లేదని వాదించిండు. ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఉత్త సున్నం పేరుకున్నా గూడ పొరలు రావచ్చు.

తగువు తెగింది 1950లల్ల. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంల హామెలిన్ పూల్ అనే ఉప్పు నీళ్ల మడుగుల ఇవి బతికి ఉండంగ దొరికినయి. నీళ్లు అక్కడ మామూలు సముద్రం కన్నా రెట్టింపు ఉప్పగ ఉంటయి, మేసే నత్తలు బతకయి, అందుకే పాకురు మిగిలింది. ఏడాదికి అర మిల్లీమీటరు గూడ పెరగవు. ఒకప్పుడు ఉన్ని మూటలు మోసిన బండ్ల చక్రాల గీతలు ఆ పొరల మీద ఇప్పటికీ కనబడ్తయి. ఒక్కసారి తొక్కినంక మనిషి ఆయుష్షుల మానదు. షార్క్ బే అక్కడి మల్గానా అనే ఆదివాసుల నేల. 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు అక్కడ వాళ్ల హక్కును ఒప్పుకుంది.

ఇగ ఏరుడు సంగతి. రాయి చేతిలకు రాంగనే సంచిల ఏసుకునుడు కాదు. స్ట్రోమటోలైట్ పొర ఎప్పుడైనా ఎండ దిక్కు, పైకి ఉబ్బి పెరుగుతది. అందుకని ఆ బండ ఉన్న చోట ఉన్నట్టే ఉంటే, పాతకాలంల ఏది పైన, ఏది కింద అనేది చెప్తది. భూమి కదిలి పొరలు తలకిందులయిన చోట గూడ ఈ ఉబ్బును చూసే పసిగడ్తరు. సుత్తెతోని కొట్టి ఇంటికి తెచ్చినమనుకో, ఆ మాట అక్కడనే పోతది. మిగిలేది షోకేసుల పెట్టుకునే గీతల రాయి. కాబట్టి ముందు ఉన్నచోటనే ఫోటో తీయాలె, పక్కన స్కేలో, పెన్నో పెట్టాలె. ఫోన్‌ల లొకేషన్, ఉత్తరం ఎటు, పొర ఎటు ఒరిగింది, కింద పైన ఏ రాయి ఉంది, ఇవన్ని నోటుబుక్కుల రాయాలె. ఊడిపడి ఉన్న ముక్క అయితేనే, అదీ అడిగి తీసుకోవాలె. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలల్ల అనుమతి లేకుంట ఏదీ తీయొద్దు. భీమన్న గద్దె దగ్గరనో, పోచమ్మ దగ్గరనో పెద్దలు పెట్టిన రాయి ఎంత మంచి నమూనా అయినా ముట్టొద్దు.

గుర్తుపట్టేది ఎట్ల? సున్నపురాయి అయితే కత్తి మొనకు గీత పడ్తది, నిమ్మరసం చుక్క ఏస్తే సన్నగ నురుగు వస్తది. డోలమైట్ అయితే పొడి చేసి ఏస్తేనే వస్తది. మన గ్రానైట్ మీద రెండూ పని చేయవు. కాని నురుగు వచ్చిందంటే స్ట్రోమటోలైటే అనుకోవద్దు, అది ఉత్త సున్నపురాయే కావచ్చు. సన్న పొరలు ఒకదాని మీద ఒకటి పైకి ఉబ్బి, పక్కపక్కన అట్లాంటి గుబ్బలే వరుసగ ఉంటే అప్పుడు అనుమానం మొదలుపెట్టాలె. అలలు చేసిన గీతలు, ముడుచుకున్న పొరలు గూడ కండ్లను మోసం చేస్తయి.

పెద్ద ఎత్తున చూడాలనుకుంటే కడప జిల్లా వేంపల్లె దిక్కు పోవాలె. అక్కడివి పాకాల వాటికన్నా పాతవి. తుమ్మలపల్లె యురేనియం గూడ ఆ వేంపల్లె డోలమైట్‌లనే ఉంది. రాజస్థాన్‌ల ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్ర, చిత్తోడ్‌గఢ్ దగ్గర భోజుందా అనే చోట్లను జియాలజికల్ సర్వే జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగ ప్రకటించి స్ట్రోమటోలైట్ పార్కులు చేసింది. మన పాకాల రాళ్లకు ఆ భాగ్యం లేదు. మన దిక్కు సున్నపురాయి అంటే సిమెంటు. క్వారీల బ్లాస్టింగ్ అయితే 150 కోట్ల ఏండ్ల పొర ఒక్క పూటల పొడి అయితది. ఇల్లు కట్టుకునేందుకు మనకూ సిమెంటు కావాలె, కాదనను. పొడి అయ్యే ముందు ఒక్క ఫోటో, ఒక్క లొకేషన్ ఎవరన్న రాసిపెట్టిన్రా అనేదే నా ప్రశ్న.

చట్టం సంగతి రెండు ముక్కలు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మనందరికి ఎరుకే, షెడ్యూల్డ్ ఏరియాల ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని. ఆ కేసు పుట్టింది బొర్రా దిక్కు కాల్సైట్ తవ్వకాల మీద. కాల్సైట్, సున్నపురాయి రసాయనంగ ఒక్కటే, రెండూ కాల్షియం కార్బొనేట్. 2022 డిసెంబర్‌ల కేంద్ర గనుల శాఖ ఇట్లాంటి స్థలాలను కాపాడటానికి ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. కాపాడే పేరుతోని భూమి తీసుకునే వీలు గూడ అందుల ఉంది. అధికారమంతా జియాలజికల్ సర్వే చేతిలకే పోతదని శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పిన్రు. గ్రామసభ మాట ఏ మేరకు చెల్లుతది అనేది మనం అడగాల్సిన సంగతి. అడగాలంటే ముందు మన ఊరి పక్కన ఏముందో మనకు తెలిసి ఉండాలె.

మంథని, ములుగు, గుండాల దిక్కు ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు సున్నపురాయి ఎక్కడ బయటపడి ఉందో చూసి ఫోటో, ఊరు పేరు, వాగు పేరు పెట్టుండ్రి. నడిచే క్వారీ లోపలికి మాత్రం పోవద్దు.