టాపెట్ సర్దుబాటు (తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతం)

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో వాల్వును తెరిచే భాగాల మధ్య ఉండాల్సిన సన్నని సందును సరిచూసే పని ఇది. మెకానిక్ షెడ్డుల్లో దీన్ని టాపెట్ సెట్టింగ్ అంటారు. సందు పెరిగితే వాల్వు నిండుగా తెరుచుకోదు. టిక్కుటిక్కుమని మోత వస్తుంది, లాగుడు తగ్గుతుంది. సందు పోతే జరిగే నష్టం ఇంతకంటే పెద్దది. వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు కాబట్టి కంప్రెషన్ నిలవదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటుకు అప్పగించలేక అంచు కాలిపోతుంది. సీటు అరిగేకొద్దీ సందు తగ్గుతుంది గనుక, మోత లేదని ఊరుకోవడం మంచిది కాదు.

ఈ ప్రాంతంలో ఆయిల్ ఇంజిన్ కథ సేద్యంతో ముడిపడి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆయిల్ ఇంజిన్‌తో బావినీళ్లు తోడే పద్ధతిని 20వ శతాబ్దం తొలి దశకంలో ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ గట్టిగా ప్రోత్సహించాడు. తిరువళ్లూరు అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. తిరుత్తణి తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజిన్ వెనకబడింది.

తర్వాతి కథ బుల్లెట్ మోటార్‌సైకిల్‌ది. ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరు కార్ఖానాలో 1956లో బండ్ల తయారీ మొదలైంది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరువొత్తియూరు అందులోకి వచ్చింది, 2018లో చెన్నై జిల్లాకు మారింది. రెడిచ్‌లో తయారీ ఆగిపోయిన తర్వాత కూడా ఆ పాత పుష్‌రాడ్ (వాల్వును తెరిచే కదలికను పైకి చేర్చే కడ్డీ) ఇంజిన్ ఇక్కడ దశాబ్దాల పాటు తయారవుతూనే ఉంది.

పాత 350 బుల్లెట్‌కు (70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు) ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకు) అక్కర్లేదు, వేళ్లు చాలు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు చివర పైకి తేవాలి, అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. సిలిండరు అడుగున కుడివైపు ఉన్న మూత తీసి పుష్‌రాడ్‌ను తిప్పి చూడాలి. అది వేళ్లకు సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అలా లేకపోతే లాక్‌నట్ వదులు చేసి సరిచేయాలి. ఇంజిన్ వేడెక్కినప్పుడు సిలిండరు, హెడ్డు వ్యాకోచించడంతో అవసరమైన సందు ఏర్పడుతుంది. లాక్‌నట్ బిగించాక మళ్లీ తిప్పి చూడడం తప్పనిసరి, ఎందుకంటే బిగించేటప్పుడే కొలత మారిపోవచ్చు. ఈ చివరి పరీక్షను వదిలేయడం వల్లే చాలా పని వృథా అవుతుంది.

లోపం ఎక్కడుందో గుర్తించడం అసలు నేర్పు. కిక్‌కు ఎదురు తగలకపోతే వాల్వును అనుమానిస్తారు. అయితే పాత బుల్లెట్‌కు కంప్రెషన్‌ను వదిలించే డీకంప్రెసర్ కూడా ఉంది, అది సరిగా మూసుకోకపోయినా అదే లక్షణం కనిపిస్తుంది. కార్బురేటర్ వైపు ఎదురు తుమ్మితే ఇన్‌లెట్ వాల్వును, సైలెన్సర్‌లో పేలితే ఎగ్జాస్ట్ వాల్వును ముందు చూడాలి.

సందును నూనె ఒత్తిడితో తనంతట తానే సరిచేసుకునే హైడ్రాలిక్ టాపెట్ ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలో కాడిలాక్ వి-16 కారులో 1930లోనే ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్ ద్వారా అది భారతీయ బుల్లెట్‌లోకి 2009 ప్రాంతంలో చేరింది. దాంతో స్పానరు పట్టే పని పోయింది. ఆ బండిలో టిక్కుటిక్కు వినిపిస్తే ముందుగా చూడవలసినది నూనె మట్టం, దాని వయసు.

2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ బండితో వచ్చిన 349 సి.సి. ఇంజిన్‌లో పుష్‌రాడ్లు లేవు. క్యామ్ షాఫ్ట్ హెడ్డులోకి వెళ్లింది, వాల్వును నొక్కే రాకరు కొనన స్క్రూ, లాక్‌నట్ తిరిగొచ్చాయి. ఇక్కడ వేళ్ల అంచనా పనికిరాదు, ఫీలర్ గేజ్ కావాలి. అందుకే బండి ఏ తరం ఇంజిన్‌దో తెలుసుకున్నాకే మూత విప్పాలి.