ఎప్పుడు, ఎంతవరకు? – శిశువుల మెదడు రక్తనాళ చికిత్సా చరిత్రలో ఒక మలుపు

1. ప్రస్తావన

దెబ్బ తగలకుండానే పిల్లల మెదడులో జరిగే రక్తస్రావానికి ప్రధాన కారణాల్లో ధమనీ సిరల అసహజ సంధానం ఒకటి. ధమనిలోని రక్తం కేశనాళికల్లో నెమ్మదించకుండా నేరుగా సిరలోకి చేరడంతో, ఆ ఒత్తిడికి నాళం చిట్లవచ్చు. పుర్రె తెరవకుండా, సన్నని కాథెటర్‌ను రక్తనాళాల గుండా పంపి ఆ దారిని లోపలినుంచే మూసే పద్ధతి ఎంబోలైజేషన్. దీని చరిత్రను సాధారణంగా పరికరాల చరిత్రగా చెబుతారు. శిశువుల విషయంలో అసలు మలుపు పరికరంలో కాక వైద్య నిర్ణయంలో వచ్చిందని, ఇదే కోవకు చెందిన గాలెన్ సిర వైకల్యం ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. పరికరాల క్రమం

1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపాడు. 1960లో అమెరికాలో లూసెన్‌హాప్, స్పెన్స్‌లు ధమనిలోకి ప్లాస్టిక్ గుళికలు వదిలి చేసిన చికిత్సను ప్రకటించారు. 1974లో మాస్కో వైద్యుడు సెర్బినెంకో నాళంలో విడిచిపెట్టగల బెలూన్లపై తన అనుభవాన్ని ప్రచురించాడు. 1990లో గుగ్లియెల్మి ప్లాటినం కాయిల్ వాడుకలోకి వచ్చింది. ఇవేవీ శిశువుల కోసం ప్రత్యేకంగా రూపొందినవి కావు.

3. బిసెత్ర్ వైద్యుల ఆలోచన

గాలెన్ సిర వైకల్యంలో ఉబ్బేది నిజానికి గాలెన్ సిర కాదని, పిండదశలోనే అంతరించవలసిన మరో సిర అని 1989లో రేబో బృందం వివరించింది. నవజాత శిశువుకు ఇందులో తక్షణ ప్రమాదం రక్తస్రావం కన్నా గుండె వైఫల్యమే. శస్త్రచికిత్స చేసిన నవజాత శిశువుల్లో అత్యధికులు మరణించేవారు.

పారిస్ సమీపంలోని బిసెత్ర్ ఆసుపత్రిలో పియెర్ లాజోనియాస్ ప్రశ్ననే మార్చాడు. గుండె, మెదడు, శ్వాస, కాలేయం, మూత్రపిండాల స్థితిని 21 మార్కులతో కొలిచే పట్టిక రూపొందించాడు. 12కు పైన ఉంటే మందులతో నెట్టుకొస్తూ సుమారు ఐదు నెలల వయసు వరకు ఆగాలి. 8 నుంచి 12 అయితే వెంటనే ఎంబోలైజేషన్ చేయాలి. 8 కన్నా తక్కువైతే చేయకూడదు. వైకల్యాన్ని ఒకేసారి పూర్తిగా మూయడం లక్ష్యం కాదు. బిడ్డ ఎదుగుదలకు చాలినంత మూస్తే చాలు.

4. ఫలితాల విమర్శ

ఆ బృందం 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అక్కడ చికిత్స పొందిన 216 మందిలో 23 మంది మరణించారు. బతికిన 193 మందిలో 143 మంది, అంటే 74 శాతం, నాడీపరంగా సాధారణంగా ఉన్నారు. అయితే ఇది చికిత్సకు ఎంపికైన వారి లెక్క. తక్కువ మార్కులతో చికిత్సకు దూరంగా ఉంచిన శిశువులు ఇందులో లేరు. రక్షించే కొలమానమే కొందరికి తలుపు మూసింది.

5. ముగింపు

2023లో బోస్టన్‌లో గర్భస్థ శిశువుకే ఎంబోలైజేషన్ చేశారు. పుట్టేనాటికే ఆలస్యమయ్యే శిశువుల కోసం చేసిన ప్రయత్నమది. పరికరం ఎంత సూక్ష్మమైనా, ఎప్పుడు, ఎంతవరకు, ఎవరికి అన్న ప్రశ్నలే ఈ చరిత్రను నడిపిస్తున్నాయి.