జిల్లా పేజీలో దూబగుంట

1989కి ముందు తెలుగు దినపత్రికలో పల్లెటూరి పేరు కనిపించాలంటే అక్కడ తుపానైనా రావాలి, బస్సైనా బోల్తా పడాలి, మంత్రిగారైనా అడుగు పెట్టాలి. చెడిపోయిన బోరింగు, పంతులు రాని బడి వార్తల కింద లెక్కకొచ్చేవి కావు. రచ్చబండ మీద ఒకరు చదువుతుంటే చుట్టూ చేరినవాళ్లకు ఢిల్లీ సంగతులు తెలిసేవి. పక్క మండలం సంగతి తెలియాలంటే మాత్రం సంతకో పెళ్లికో వెళ్లాల్సిందే.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' 1989లో జిల్లాకో అనుబంధం వేయడం మొదలెట్టింది. ఆ పేజీలు రోజూ నిండాలి కాబట్టి మారుమూల మండలాల్లోనూ విలేకరులు కావలసి వచ్చారు. వీళ్లలో చాలామంది జీతగాళ్లు కారు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిచ్చే 'లైన్ అకౌంట్' వాళ్లది. బోరింగు చెడిపోవడం వార్తగా మారడానికి ప్రజాసేవ ఎంత కారణమో ఈ కొలతా అంతే కారణం. ఊరి కిరాణా కొట్టువాడి ప్రకటన కూడా ఆ పేజీల్లోకి వచ్చింది. యాజమాన్యానికి అదీ ముఖ్యమే.

దాదాపు ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగుతోంది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వాళ్ల చేతికొచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారా ఒక సంసారాన్ని ఎలా కూల్చిందో చెప్పే పాఠం అది. చదివినవాళ్లకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇంటి గొడవే అచ్చులోకి ఎక్కినట్టుంది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించారు. ఈ ఉదంతమే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమై తర్వాతి వాచకంలోకి చేరి జిల్లా అంతా తిరిగింది. కాబట్టి ఈ కథలో తొలి మాధ్యమం పత్రిక కాదు, రాత్రిబడి పుస్తకం.

సర్కారు పెట్టిన బడి సర్కారు ఆదాయానికే ఎసరు తెచ్చింది. 1970-71లో రాష్ట్రానికి ఆబ్కారీ రాబడి 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లకు చేరింది. మధ్యలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లలోకి ఎక్కింది. సీసాకంటే ప్యాకెట్ మోయడం తేలిక, అందుకే అది గడప దాకా వచ్చేసింది.

1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు, పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 'ఈనాడు' 'సారాపై సమరం' పేరుతో ప్రత్యేక పేజీ కేటాయించింది. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని కొట్ల మీదికి వెళ్లినవాళ్లు, తాగొచ్చినవాడికి గుండు గీసి గాడిద మీద ఊరేగించినవాళ్లు వార్తలకెక్కారు. రేషన్ కార్డులోనో ఓటర్ల జాబితాలోనో తప్ప ఎక్కడా అచ్చుకాని పేర్లు అవి. ఒక ఊరి సంగతి తెల్లారేసరికి ఇంకో ఊరికి తెలియడంతో, ఒంటరిగా చేస్తే తెగింపు అనిపించే పని నలుగురూ చేసే పనైంది. అప్పుడు గద్దె మీద ఉన్నది కాంగ్రెస్. పత్రిక తెలుగుదేశానికి దన్నుగా ఇదంతా చేస్తోందన్న విమర్శ అప్పుడే వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ లెక్కలు తెలిసి ఎవరూ చీపురు పట్టలేదు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1994 డిసెంబర్‌లో మళ్లీ ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, ప్రమాణ స్వీకార వేదిక మీదే మద్యనిషేధం ఫైలుపై సంతకం చేశారు. 'వారుణి వాహిని' ఆయన మునుపటి పాలన నాటిదేనన్నది వేరే సంగతి. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది.

1997లో చంద్రబాబు ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. వైన్ షాపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఈసారి 'సారాపై సమరం' లాంటి పేజీ రాలేదు. అయితే అప్పటికే నెల్లూరు పల్లెల్లో ఆడవాళ్లు 'పొదుపు లక్ష్మి' పేరుతో గుంపులు కట్టి, మనిషికి రోజుకో రూపాయి దాచడం మొదలెట్టారు. పొదుపు లెక్కలు రాసే పుస్తకాల్లో రాత్రిబడిలో నేర్చిన సంతకాలు పడుతున్నాయి. తర్వాత రాష్ట్రమంతా డ్వాక్రా సంఘాలు విస్తరించినప్పుడు నెల్లూరు ఆడవాళ్లకు అది కొత్త పని కాలేదు.