మచ్చు తీయు విద్య: పుట్టుపూర్వోత్తరములు

గుట్టగా పోసిన ఇసుకలోనో, బొగ్గులోనో, లోహఖనిజములోనో ఏ పరిమాణపు రేణువులు ఎంతెంత పాలున్నవో నిర్ణయింపవలసి వచ్చినప్పుడు, ఆ రాశినంతటిని జల్లించుట ఎవ్వరికిని సాధ్యము కాదు. కావున దానినుండి కొంత మచ్చు తీసి, క్రమముగా సన్నమగుచు పోవు బెజ్జములు గల జల్లెడల వరుసపై వేసి, ఒక్కొక్క జల్లెడపై నిలిచినదానిని తూచి, ఆ తూకములను బట్టి సమస్తరాశిని గూర్చి తీర్పు చెప్పుదురు. జల్లెడ యెరిగినది తనపై బడిన కొలదిపాటి పదార్థమును మాత్రమే; వేలకొలది టన్నులను గూర్చి పలుకు సాహసము మనది. ఈ రెంటి నడుమ పొంచియుండు అంతరమే మచ్చు దోషము. అది యెంతయుండునో ముందుగానే గణింపవచ్చునను జ్ఞానము మనుష్యునకు మిక్కిలి ఆలస్యముగా లభించినది.

జల్లెడ మాత్రము అతిప్రాచీనము. 1556లో ముద్రితమైన అగ్రికోలా పండితుని గనిశాస్త్రగ్రంథమునందే ఖనిజమును జల్లించు పరికరముల వర్ణనము గలదు. 1867లో రిట్టింగర్ అను ఆస్ట్రియా దేశపు విద్వాంసుడు 75 మైక్రానుల బెజ్జము మొదలుకొని, ప్రతి జల్లెడ బెజ్జమును దాని క్రిందిదానికి రెండు యొక్క వర్గమూలమంత రెట్లుండునట్లు ఒక శ్రేణిని ప్రతిపాదించెను. పిమ్మట అమెరికాలో టైలర్ సంస్థవారి ప్రామాణిక జల్లెడలు అదే నిష్పత్తిని ప్రపంచమునకు అలవాటు చేసినవి. అయినను, జల్లెడయు త్రాసును ఇంత నిర్దుష్టములైన తరువాత గూడ, ఒకే రాశినుండి తీసిన రెండు మచ్చులు రెండు తీరుల సాక్ష్యమిచ్చుచునే యుండెను.

ఇంగ్లండు నైరృతికొనయందలి కార్నువాల్ గనులలో ఒక ఆచారముండెడిది: ఖనిజమును శంఖువువలె కుప్పపోసి, తలము చదునుచేసి, నాలుగు పాళ్లుగా విభజించి, ఎదురెదురుగానున్న రెండు పాళ్లను గైకొని, తక్కినవానిని త్రోసివేసి, చాలినంత కొలదియగువరకు మరల మరల అట్లే చేయుదురు. చూచుటకు ఇది న్యాయముగనే యున్నది. కాని కుప్పపోయునప్పుడు ముతకరాళ్లు వాలువెంట దొరలి అంచులకు చేరును, సన్నని పొడి నడుమ నిలిచిపోవును. చేటలో బియ్యము నేముచున్న గృహిణి చేతి కదలికకు నూకలు ఒకవైపునకును గింజలు మరియొకవైపునకును విడిపోవునట్లు, కదలించిన ప్రతిపర్యాయమును రేణువులు తమతమ పరిమాణమును బట్టి వేరుపడుచుండును. కావున పాళ్లు నాలుగును సమముగా కనుపించినను సమములు కావు.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వెండి బంగారముల గనులు విరివిగా వెలసిన అమెరికా పశ్చిమప్రాంతములందు, అమ్మువాని మచ్చునకును కొనువాని మచ్చునకును గల భేదమే ధనభేదమగుటచేత, ఈ ప్రశ్న తీవ్రమయ్యెను. హెన్రీ వెజిన్ అను ఇంజనీరు, పడుచున్న ఖనిజధారను అడ్డముగా ఖండించుచు తిరుగు యంత్రమొకటి కల్పించెను. తీయవలసిన మచ్చు తూకము అందలి పెద్ద రేణువు వ్యాసముయొక్క ఘనమును బట్టి పెరుగవలెనని నియమమొకటి చెప్పెను. ఘనము గాదు, వర్గము చాలునని రిచర్డ్స్ మొదలగు ఇతర ఇంజనీరులు వాదించిరి. నేటికిని భూగర్భశాస్త్రజ్ఞులు చేతబట్టు దిక్సూచికి పేరిచ్చిన డేవిడ్ బ్రంటన్ 1895లో ఖనిజపు మచ్చుల సిద్ధాంతమును గూర్చి విపులమైన వ్యాసము వ్రాసెను.

గణితము వేరొక త్రోవను వచ్చినది. డబ్లిను నగరమునందలి గిన్నెస్ బీరు కర్మాగారమున పనిచేయుచుండిన గాసెట్ అనునతడు, 1907లో, సూక్ష్మదర్శినిక్రింద మధుశిలీంధ్రకణములను లెక్కించుటలో సంభవించు దోషమును పరిశీలించి, ఆ లెక్క యాదృచ్ఛికముగా నెంత ఊగిసలాడునో అది లెక్కకు వచ్చిన కణముల సంఖ్యయొక్క వర్గమూలముపై ఆధారపడునని తేల్చెను. రేణుమయపదార్థములకు సంభావ్యతాగణితమును 1928లో బౌలె, బెనెడెట్టి-పిఖ్లర్ అనువారు అన్వయించిరి.

ఈ పాయలన్నియు ఒకచోట కలిసినది పియేర్ గీ అను ఫ్రెంచి ఇంజనీరు చేతిలో. 1946లో అతడు ఫ్రెంచి కాంగోలోని మ్ఫువాటి సీసపుగనిలో ఉద్యోగియై చేరినపుడు, అచట 1940 నుండి పడియున్న 2,00,000 టన్నుల హీనఖనిజపు గుట్ట విలువ కట్టుమని పైవారు ఆజ్ఞాపించిరి. అందు కొన్ని టన్నుల తూకముగల బండలు మొదలు కంటికానని ధూళివరకు సమస్తమును గలదు. ఎంత తూకము మచ్చు తీసిన చాలునో చెప్పు శాస్త్రము కానరాకపోగా, దానిని తానే నిర్మింప బూనుకొని, 1950 ప్రాంతమున తన సూత్రమును రూపొందించి, జీవితమంతయు దానిని విస్తరించుటకే ధారపోసెను. దోషముయొక్క విస్తృతి, అనగా దోషవర్గముల సగటు, మచ్చు తూకమునకు విలోమముగను, పెద్దరేణువు వ్యాసపు ఘనమునకు అనులోమముగను ఉండునని నిరూపించి, వెజిన్ చెప్పిన ఘననియమమునకు గీ శాస్త్రప్రతిష్ఠ కలిగించెను.

లోహపు పాలునకేగాక రేణువుల పరిమాణములకును ఈ సూత్రము వర్తించును. తూకమున నూటికి 5 వంతులు సెంటీమీటరు ప్రమాణముగల రాళ్లును, తక్కినది సన్నని యిసుకయు గల రాశినుండి కిలోగ్రాము మచ్చు తీసితిమనుకొందము. ఒక్కొక్క రాయి సుమారు 1.3 గ్రాములు, కావున మచ్చులో పడినవి దాదాపు 38 రాళ్లు. కిలోగ్రాములో కోట్లకొలది ఇసుకరేణువులున్నను, ముతకపాలు ఎంతయను ప్రశ్నకు సాక్షులు ఆ ముప్పదియెనిమిది రాళ్లే! వాని సంఖ్య యాదృచ్ఛికముగా నూటికి పదునైదు పదునారు వంతుల మేరకు అటునిటు మారవచ్చును. ఆ విచలనము నూటికి 5 వంతులకు దిగవలెనన్న ఇంచుమించు 10 కిలోగ్రాములు కావలెను. దోషము సగమగుటకు తూకము నాలుగురెట్లు కావలెను. మచ్చును శాసించునది అందరికన్న పెద్దవాడైన రేణువేయనుట ఇందువలననే.

అయితే ఈ గణితమునకు ప్రాణమైన నిబంధన యొకటి గలదు: రాశిలోని ప్రతిరేణువునకును మచ్చులోనికి వచ్చుటకు సమానావకాశముండవలెను. 1970లో అలెన్, ఖాన్ అనువారు ముతక ఇసుక 60 పాళ్లు, సన్నయిసుక 40 పాళ్లు కలిపి వేరువేరు పద్ధతులను పరీక్షించిరి. కుప్పపోసి నాలుగుపాళ్లు చేయు పద్ధతియందు ప్రామాణిక విచలనము నూటికి 6.81, గరిటెతో తోడిన 5.14; ధారను తిరుగుపాత్రలలో అనేకపర్యాయములు పంచు యంత్రమున 0.125 మాత్రమే. కేవలము యాదృచ్ఛికతవలన తప్పనిసరియైన విచలనము 0.076. గరిటెకును యంత్రమునకును గల ఈ వ్యత్యాసమంతయు ప్రకృతిది కాదు, మన చేతిది.

అందువలననే పదార్థము కదలుచున్నప్పుడు, ధారయంతయు ఖండింపబడునట్లు, స్వల్పకాలముపాటు పలుమారులు మచ్చు తీయవలెనను సూత్రము నేడు సర్వసమ్మతమైనది. బైలాడిల్లా కొండలనుండి దిగివచ్చి విశాఖపట్టణపు రేవున ఓడలకెక్కు ఇనుపఖనిజము వంటి సరకునకు ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణములందును, తీయవలసిన తూకము పెద్దరేణువు పరిమాణమును బట్టియే నిర్ణీతమగుచున్నది.

ఇంత చరిత్ర బోధించునది ఒక్కటే. జల్లెడ ఫలితముప్రక్కన మచ్చు తూకము, తీసిన విధము, దోషపరిమితి వ్రాయనిచో ఆ ఫలితము సగము సత్యమే. రెండవ దశాంశమువరకు జల్లెడను నమ్మి, గరిటెను ప్రశ్నింపక విడుచు ప్రయోగశాల తన శ్రమనే వ్యర్థము చేసికొనుచున్నది. మచ్చు తీయుట కూలివాని పనియని తలంపక, పరీక్షలో ప్రథమభాగమని గుర్తించి, దానికి తగిన పరికరమును, కాలమును, శిక్షణను కేటాయించుట ప్రతి గనికిని ప్రతి కర్మాగారమునకును కర్తవ్యము.