నాగజెముడుపై పురుగు గెలిచిన కథ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరిసాగుకు పెట్టింది పేరైంది గాని, నాడు ఆ డెల్టా భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో మెట్టభూములనూ పశువులు మేసే బంజర్లనూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన నాగజెముడు పీడించేది. ముళ్లకంచెగా పనికొచ్చిన ఈ మొక్కను నరికితే, తెగిపడిన ప్రతి మట్టా వేళ్లు తొడిగి మరో పొదగా లేస్తుంది. పండ్లు తిన్న పక్షులు గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. కనుక కత్తితో దీన్ని జయించడం దాదాపు అసాధ్యం.

విరుగుడు పొరపాటున దొరికింది. ఎర్రరంగునిచ్చే కాచినీల్ పురుగు, అంటే జెముడు రసం పీల్చి తెల్లని దూదిలాంటి పొరలో బతికే కీటకం అనుకుని, 1795లో బ్రెజిల్ నుంచి మరో జాతిని కలకత్తాకు తెచ్చారు. రంగు నాసిరకంగా తేలినా, అది దక్షిణాదికి చేరి ఒక రకం జెముడును తుడిచిపెట్టింది. పరాయి కీటకంతో కలుపును అణచిన తొలి ఉదాహరణగా శాస్త్రజ్ఞులు దీన్నే చెబుతారు. అయితే నాగజెముడును మాత్రం ఆ పురుగు ముట్టలేదు. కొన్ని పురుగులు కొన్ని జాతుల మొక్కలనే తింటాయన్న ఈ విషయమే శాస్త్రానికి అసలు పాఠం. 1926లో సింహళం నుంచి తెచ్చిన వేరొక కాచినీల్ జాతి దక్షిణ భారతంలో నాగజెముడును కొన్నేళ్లలోనే అణచివేసింది.

ఇదే పద్ధతిలో, నేడు బంజర్లను ఆక్రమిస్తున్న వయ్యారిభామ అనే కలుపుమొక్కపై మెక్సికో పెంకుపురుగును 1984లో వదిలారు. దాన్ని ముందుగా పరీక్షించాకే వదలడం 1795 నాటికి లేని జాగ్రత్త.