చుక్కకు బదులు గీత

2023 ఏప్రిల్. తిరుమల వన్ టౌన్ పోలీస్ స్టేషన్‌కు తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) ఐటీ విభాగం నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. కొండమీద స్టేషన్‌కు మామూలుగా వచ్చే ఫిర్యాదులు వేరు. క్యూలో పోయిన సెల్‌ఫోను, గుంపులో తప్పిపోయిన పిల్లవాడు, కల్యాణకట్ట దగ్గర మాయమైన సంచి. ఈ ఫిర్యాదులో దొంగకు మొహం లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా ఒక వెబ్‌సైట్ అడ్రస్.

అప్పట్లో దేవస్థానం అసలు అడ్రస్ ఇది: తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ఫిర్యాదులో ఉన్నది ఇది: తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్.

రెండూ గబగబా చదవండి. తేడా దొరకడానికి క్షణం పడుతుంది. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత పెట్టారు, చివర ‘ఇన్’ తీసి ‘ఆర్గ్’ తగిలించారు. లోపలి పేజీలు అసలు సైటువే, అక్కడక్కడ చిన్న మార్పులతో. పోలీసులు క్రైం నంబరు 19/2023 కింద కేసు కట్టారు. అప్పటి ఐపీసీ సెక్షన్లు 420, 468, 471. అంటే మోసం, మోసం కోసం ఫోర్జరీ, దొంగ కాగితాన్ని అసలుదిగా చలామణి చేయడం. రాష్ట్ర ఫోరెన్సిక్ సైబర్ సెల్ కూడా రంగంలోకి దిగింది. అంతకు ముందే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయని, ఇది 41వదని దేవస్థానం ప్రకటించింది.

పోలీసు కాగితాల్లో ఉన్నది అంతవరకే. మోసపోయినవాళ్ల కథలు వాళ్లవి, వాటిని ఇక్కడ రాయడం లేదు. కింద వచ్చే మామా అల్లుళ్లు కల్పితం. చిత్తూరు జిల్లాలో ఏ ఊరికి పోయినా ఇట్లాంటి ఫోన్ ఒకటి వచ్చిన ఇల్లు ఉంటుంది కాబట్టి, సన్నివేశం మాత్రం మీకు కొత్త కాదు.

అల్లుడిది పూణేలో ఉద్యోగం. పెళ్లాం మరాఠీ పిల్ల. అత్తగారింటివాళ్లు బాలాజీ దర్శనం చేయించమన్నారు. ఫోన్ తీసి గూగుల్లో వాళ్ల నోటి మాటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు: ‘తిరుపతి బాలాజీ దర్శన్ టికెట్ బుకింగ్’. పని అయిపోయాక చిత్తూరులో ఉండే మేనమామకు ఫోన్ చేశాడు.

“మామా, ఆరుగురికీ టికెట్లు దొరికినాయి. దుడ్లు కూడా కట్టేసినా.”

“యాడ దొరికినాయిరా? పొద్దున పదికి తెరిస్తే కాసేపటికే అయిపోయినాయని మా పక్కింటోళ్లు తల పట్టుకోని కూసున్నారే.”

“దేవస్థానం సైట్లోనే మామా. గూగుల్లో పైనే వచ్చింది. స్వామి ఫొటో ఉంది, గోపురం ఉంది, అన్నీ ఉండాయి.”

“స్వామి ఫొటో మా టీ అంగట్లో గూడా ఉందిరా. అడ్రస్ చదువు.”

“తిరుపతిబాలాజీ... ఏపీ... గవ్...”

“చివర?”

“ఆర్గ్.”

“ఎంత కట్టినావురా అబ్బోడా?”

“టికెట్లకు వెయ్యిన్నెనిమిదొందలు. రూముకు ఇంకో రెండు వేలు.”

ఈ కుర్రాడిని తెలివితక్కువవాడని కొట్టిపారేయడం సులువు. కానీ అతను టైపు చేసిన ఐదు మాటలు చూడండి. దొంగ కాచుకుని ఉన్నది సరిగ్గా ఆ మాటల దగ్గరే. సర్చ్ ఇంజన్ భాషలో వాటిని కీవర్డ్స్ అంటారు. మనం ఏ మాటలు కొడతామో ముందే ఊహించి, ఆ మాటల చుట్టూ పేజీని కట్టుకోవడం ఒక వృత్తివిద్య. హైదరాబాదులో, బెంగళూరులో దానికి జీతాలిచ్చే కొలువులున్నాయి. ఆ దొంగ ఏ కోర్సు చేశాడో గానీ ఆ విద్యలో మొదటి పాఠం బాగా ఒంటబట్టించుకున్నాడు: సంస్థ తన సరుకును ఏమని పిలుస్తుందో పక్కన పెట్టు, జనం ఏమని వెతుకుతారో అది పట్టుకో.

‘బాలాజీ’ అన్న మాటనే తీసుకుందాం. చిత్తూరు పల్లెల్లో ముసలమ్మలు వెంకటరమణస్వామి అంటారు, లేదా ఏడుకొండలవాడా అని దండం పెడతారు. దేవస్థానం వాడుకలో శ్రీవారు. బాలాజీ అనేది ఉత్తరాది భక్తుల నోట ఎక్కువగా పలికే పేరు. 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి పాలన వదులుకున్నప్పుడు దాన్ని అప్పగించింది ఉత్తరాది నుంచి వచ్చిన హాథీరాంజీ మఠం మహంతులకు. దాదాపు 90 ఏళ్లు, 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా, వాళ్లే కొండను ఏలారు. హాథీరాం బావాజీతో స్వామి పాచికలాడాడన్న కథ ఇప్పటికీ తిరుపతిలో చెబుతారు. ఇంత చరిత్ర ఉన్న పిలుపు ఒక యాత్రికుడి వేలికొసన కీవర్డ్ అయి కూర్చుంది. నకిలీ సైటు పేరులో మొదట అతికించుకున్నది దాన్నే.

టికెట్ సంగతి కూడా ఇంతే. దేవస్థానం కాగితాల్లో దాని పేరు ‘ప్రత్యేక ప్రవేశ దర్శనం’. బస్టాండులో, రైల్లో, పెళ్లి పందిట్లో ఎవరినైనా అడగండి, ‘మూడొందల టికెట్టు’ అంటారు. ‘వసతి’ అని దేవస్థానం రాస్తుంది, ‘రూములు’ అని జనం వెతుకుతారు. కోటా సాధారణంగా నెలలో 24వ తేదీ ప్రాంతంలో, మూడు నెలల తర్వాతి రోజులకు, పొద్దున 10 గంటలకు విడుదలవుతుంది. కాసేపట్లో అయిపోతుంది. దొరకనివాళ్లు మళ్లీ గూగుల్ మీద పడతారు. ఈసారి మాటలు మారతాయి. ‘అర్జెంట్’, ‘రేపటికి’, ‘ఏజెంట్’ అనేవి చేరతాయి. ఆ మాటలకు దేవస్థానం దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే అట్లాంటి మూడొందల టికెట్టే లేదు. అసలు సైటు మౌనంగా ఉన్న ప్రశ్నకు నకిలీ సైటు ‘ఉంది, రండి’ అంటుంది.

మరి గూగుల్ ఏం చేస్తున్నట్టు? ఒకప్పుడు పేజీ వెనకాల కనిపించకుండా కీవర్డ్స్ పేర్చి పెట్టేందుకు ఒక ట్యాగ్ ఉండేది. లాడ్జి పేజీలో సినిమా తారల పేర్లు కూడా కుక్కేవాళ్లు. ఆ ట్యాగును ర్యాంకింగుకు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బాహాటంగా చెప్పింది. 2012లో, వెతికే మాటలనే సైటు పేరుగా పెట్టుకున్న నాసిరకం సైట్లను కిందికి నెట్టే మార్పు తెచ్చింది. 2019లో బెర్ట్ అనే భాషా నమూనా వచ్చాక మాటలను విడివిడిగా కాక, వాక్యంలో వాటి సంబంధంతో కలిపి అర్థం చేసుకోవడం పెరిగింది. కాబట్టి పేరులో ‘తిరుపతిబాలాజీ’ ఉన్నంత మాత్రాన యంత్రం మురిసిపోయే రోజులు పోయాయి. కానీ ఆ పేరు మోసం చేసేది యంత్రాన్ని కాదు, మనిషి కన్నును. అది వాట్సాప్ గ్రూపులో వచ్చినా, డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనగా వచ్చినా, కన్ను మొదటి ముక్క చదివి నమ్మేస్తుంది.

వెబ్ అడ్రస్ పెత్తనం కుడిపక్కన ఉంటుంది. ‘గవ్ డాట్ ఇన్’ అన్న తోకను ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ‘డాట్ ఆర్గ్’ను ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ పెట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. దాని ఎడమవైపు అడ్డగీతలతో ‘ఏపీ’ అనీ ‘గవ్’ అనీ ఎన్ని రాసుకున్నా అదంతా కలిపి ఒకే ముద్దుపేరు, సర్కారుతో చుట్టరికం ఉండదు.

2024 జనవరిలో దేవస్థానం తన అడ్రస్ మార్చింది. ఒకే సంస్థ, ఒకే వెబ్‌సైట్, ఒకే మొబైల్ యాప్ అన్న మాటతో ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ తెచ్చింది. సర్కారు తోక అట్లే ఉంది, మంచిదే. అయితే అడ్రస్‌లోంచి ‘తిరుపతి’, ‘బాలాజీ’ రెండూ పోయాయి. పరిపాలనకు ఇది సబబుగా కనిపించవచ్చు, వెతికేవాడి వైపు నుంచి చూస్తే నాకు అంత రుచించలేదు. జనం నోట ఉన్న మాటను సంస్థ వదిలేస్తే, ఆ మాటను ఎత్తుకోవడానికి ఎవడో ఒకడు తయారుగా ఉంటాడు. పోగొట్టుకున్నది పేజీల్లోనైనా నిలుపుకోవచ్చు. ‘మూడొందల టికెట్టు ఇక్కడే, ఇంకెక్కడా లేదు’, ‘రేపటికి మూడొందల టికెట్ ఇప్పిస్తామనే సైటు నకిలీ’ అని జనం మాటల్లోనే శీర్షికలు పెట్టిన పేజీలు తెలుగు, తమిళం, హిందీ, కన్నడం, మరాఠీల్లో ఉంటే, ఆ వెతుకులాటకు మొదటి జవాబు దేవస్థానందే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇదే విద్య నిజాయతీగా బతికేవాళ్లకు ఇంకా ఎక్కువ అవసరం. శ్రీకాళహస్తిలో కలంకారీ గీసే కుటుంబం ఒకటి సొంత సైటు పెట్టుకుందనుకోండి. ‘కలంకారీ’ అన్న ఒక్క మాట మీద ఆశ పెట్టుకుంటే మునిగినట్టే. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో వేసేదీ కలంకారీయే, దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో మిల్లులో స్క్రీన్ ప్రింటు కొట్టిన గుడ్డను కూడా ఆ పేరుతోనే అమ్ముతున్నారు. ఆ సందడిలో వెదురు కలంతో రోజుల తరబడి గీసినవాడి పేజీ ఎక్కడో అడుగున పడిపోతుంది. ‘శ్రీకాళహస్తి చేతితో గీసిన కలంకారీ పట్టుచీర’ అని పెట్టుకుంటే వెతికేవాళ్లు తక్కువమందే ఉంటారు, కానీ వచ్చినవాళ్లు కొనాలనే వస్తారు. నూరుమంది చూసిపోవడం కంటే నలుగురు బేరమాడటం మేలు కదా.

ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాణిపాకం చిత్తూరులోనే ఉండిపోయింది. బోర్డులు మారాయి గానీ వేళ్ల అలవాటు అంత తొందరగా మారదు. కాళహస్తిని ఇంకా చిత్తూరు జిల్లా అని వెతికేవాళ్లు ఉంటారు, కాబట్టి పేజీలో ‘పూర్వపు చిత్తూరు జిల్లా’ అన్న మాట ఒక చోట ఉంచుకోవడం తప్పు కాదు. ‘తిరుపతి’ని ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ‘టీఐ’ పెట్టాలా ‘టీహెచ్ఐ’ పెట్టాలా అన్నది కూడా ఊహించి తేల్చుకోనక్కర్లేదు. గూగుల్ ట్రెండ్స్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఏది ఎక్కువ కొడుతున్నారో గీతల్లో కనిపిస్తుంది. మీ సైటుకు ఇప్పటికే ఏయే మాటల మీద జనం వస్తున్నారో గూగుల్ సర్చ్ కన్సోల్ ఉచితంగానే చూపిస్తుంది. వీటన్నిటికంటే పాత పద్ధతి ఇంకొకటి ఉంది: ఫోన్ చేసిన ప్రతి గిరాకీ మొదటి వాక్యం నోటుబుక్కులో రాసుకోవడం. అలిపిరి దగ్గర లాడ్జి నడిపే మనిషిని ఫోన్లో ఎవరూ ‘సౌకర్యవంతమైన వసతి ఉందా’ అని అడగరు. ‘బస్టాండుకు ఎంత దూరం, వేడినీళ్లు వస్తాయా, పొద్దున మూడింటికి దిగితే రూము ఇస్తారా’ అని అడుగుతారు. ఆయన పేజీలో ఉండాల్సిన మాటలు అవే.

ఇక కొండకు పోయేవాళ్లకు ఒక మాట. గూగుల్లో ఏ మాట కొట్టి వెళ్లినా సరే, దుడ్లు కట్టేముందు అడ్రస్ కుడిపక్కన, మొదటి ఒంటి స్లాష్ ముందు, ‘డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. చుక్కలకు బదులు గీతలుంటే అక్కడే ఆగిపోండి. అప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.