పునాది దగ్గరికి వచ్చే పెద్దలు

హౌసింగ్ కార్పొరేషన్‌కు పెద్ద ఎవరని మా సామర్లకోట వీధుల్లో అడిగితే విజయవాడలో కూర్చునే మేనేజింగ్ డైరెక్టరు పేరు చెప్పేవాళ్లు అరుదు. మండలం చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి పేరు చెబుతారు. ఆయన వెనకాల టేపు పట్టుకుని తిరిగే వర్క్ ఇన్‌స్పెక్టరు పేరు ఇంకా గట్టిగా చెబుతారు. ఇల్లు కట్టుకునే మనిషికి సంస్థ అంటే ఆ ఇద్దరే. సంస్థ నాయకత్వాన్ని పరిచయం చేస్తూ వ్యాసం రాయాలంటే ఛైర్మన్‌తో మొదలుపెట్టి కిందికి దిగుతూ రావడం మామూలు పద్ధతి. ఈ సంస్థ విషయంలో ఆ వరుస సరిపోదని నా నమ్మకం. ఇక్కడ పైవాళ్లు నిర్ణయం చేస్తారు, ఆ నిర్ణయం ఇల్లయిందో లేదో కిందివాళ్లు తేలుస్తారు. ఇద్దరినీ ఒకే వ్యాసంలో పక్కపక్కన నిలబెట్టి చూపించాలి.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979 జూలై 5న కంపెనీల చట్టం కింద ఏర్పడింది. అప్పుడు మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన జరిగి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ప్రభుత్వం ఇళ్లు కట్టించడం తెలుగునాట కొత్తేమీ కాదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక, 1912లో అక్కడ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. దాని వారసత్వంగానే హౌసింగ్ బోర్డు వచ్చింది, కూకట్‌పల్లి కాలనీ లాంటివి వచ్చాయి. కానీ బోర్డు ఇల్లు వాయిదాలు కట్టగలిగిన వాళ్లది, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే వాళ్లది. కూలి దొరికిన రోజు పొయ్యి వెలిగించే మనిషికి ఆ గుమ్మం అందదు. ఆ మనిషి కోసం పెట్టిన సంస్థ ఈ కార్పొరేషన్.

గోదావరి జిల్లాల్లో ఆ మనిషి అప్పట్లో ఎక్కడ ఉండేవాడో ఈ తరానికి చెప్పాలి. మట్టిగోడ, పైన తాటాకు. ఆకు కొత్తగా కప్పినప్పుడు ఇల్లు చల్లగా హాయిగానే ఉంటుంది. రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి ఆకు నల్లబడి కుళ్లుతుంది, వాసాల మధ్య నుంచి చుక్క చుక్కగా నీళ్లు దిగుతాయి. మళ్లీ ఆకు కొనాలి, కమ్మలు కప్పేవాళ్లను పిలవాలి, ఆ ఖర్చుకు అప్పు చేయాలి. వేసవిలో మరో భయం. ఒక ఇంట్లో పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరితే వరుసలో ఇళ్లన్నీ అంటుకునేవి. ఫైరింజను వచ్చేలోగా పేట పేటంతా బూడిద. గాలివాన సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పక్కా ఇల్లు కావాలని పేదవాడు అడిగింది ఈ మూడు భయాల నుంచి బయటపడటానికి.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వచ్చాక బలహీనవర్గాల శాశ్వత గృహనిర్మాణం సంస్థకు ప్రధానమైన పని అయింది. కొంత సబ్సిడీ, కొంత అప్పు, మిగిలింది లబ్ధిదారుడి చెమట. పెట్టుబడికి 1970లో ఏర్పడిన హడ్కో లాంటి సంస్థల నుంచి రుణం తెచ్చేవారు. కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. తర్వాత 2006 నుంచి ఇందిరమ్మ, ఆపైన ఎన్టీఆర్ గృహాలు, ప్రధానమంత్రి ఆవాస్, జగనన్న కాలనీలు. గోడ మీద రాసే పేరు ప్రభుత్వంతో పాటు మారింది. బిల్లు చేసిన చెయ్యి మాత్రం ఈ సంస్థదే.

ఆ అప్పు దగ్గర ఒక చిక్కు చాలాకాలం నలిగింది. అప్పు తీరలేదు కాబట్టి ఇంటి మీద పూర్తి హక్కు రాలేదు, హక్కు రాలేదు కాబట్టి అమ్ముకోవడానికీ తాకట్టుకీ కాగితం లేదు. తండ్రి కట్టిన ఇంట్లో కొడుకు ముసలివాడైనా కాగితం మాత్రం హౌసింగ్ పద్దులోనే ఉండిపోయింది. 2021 డిసెంబరు 21న పశ్చిమ గోదావరి జిల్లా తణుకులో సంపూర్ణ గృహహక్కు పథకం ప్రారంభించి, గ్రామాల్లో పది వేలు, మున్సిపాలిటీల్లో పదిహేను వేలు, నగరాల్లో ఇరవై వేల రూపాయలు కడితే పాత బాకీ రద్దుచేసి రిజిస్ట్రేషన్ చేయిస్తామంది ప్రభుత్వం. మాఫీ చేస్తారనుకుంటే డబ్బు అడిగారేమిటని కోప్పడిన వాళ్లున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా ఏళ్ల తరబడి కదలని దస్త్రాన్ని ఎవరో ఒకరు బయటికి తీశారన్నది కూడా చరిత్రలో నమోదు కావలసిందే.

ఇక సంస్థ నిచ్చెన. ప్రభుత్వం నియమించే ఛైర్మన్, డైరెక్టర్ల బోర్డు. ఐఏఎస్ అధికారి మేనేజింగ్ డైరెక్టరు. ఆయన కింద చీఫ్ ఇంజనీరు. జిల్లాలో ప్రాజెక్టు డైరెక్టరు, అందరూ పీడీ గారంటారు. తర్వాత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ), డిప్యూటీ ఈఈ (డీఈ), మండలానికి ఏఈ, చివర వర్క్ ఇన్‌స్పెక్టర్లు. పైన కూర్చునే ఎండీల పదవీకాలం తక్కువ. ప్రభుత్వం మారితే మారతారు, కలెక్టరుగా పంపితే వెళతారు. ఏఈ, ఇన్‌స్పెక్టరు మాత్రం అక్కడక్కడే బదిలీ అవుతూ ఉద్యోగమంతా ఈ పునాదుల మధ్యే గడుపుతారు. ఇన్‌స్పెక్టర్లలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్లు చాలామంది. ఉద్యోగ భద్రత లేనివాళ్లే మన ఇంటి భద్రతకు హామీదారులు కావడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

వాళ్ల పని ఎలా ఉంటుందో ఒక్క బేస్‌మెంటు దగ్గర నిలబడి చూస్తే చాలు. లబ్ధిదారురాలు పొద్దున్నే కూలి మానుకుని స్థలం దగ్గర కాచుకుని ఉంటుంది. పట్టా చాలావరకు ఆడవాళ్ల పేరునే ఇస్తారు కాబట్టి ఫొటోలో ఆమె ఉండాలి. ఇన్‌స్పెక్టరు ముందు మార్కింగు చూస్తాడు, నాలుగు మూలలా మూలమట్టం సరిగ్గా ఉందో లేదో, ఎదుటి మూలల మధ్య కొలత కలిసిందో లేదో చూస్తాడు. పునాదిలో కంకర సరిగ్గా కూరారా, నీళ్లు కట్టారా అని మేస్త్రిని అడుగుతాడు. తర్వాత ఫోను తీసి ఆ స్థలంలోనే ఫొటో కొట్టి అప్‌లోడ్ చేస్తాడు. సిగ్నలు లేకపోతే ఎండలోనే నిలబడాలి. ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: "బిల్లు ఎప్పుడు పడుద్దండీ?" బేస్‌మెంటుకు ఒక బిల్లు, రూఫ్ లెవెల్‌కు ఒకటి, స్లాబు పడ్డాక మరొకటి. ఏఈ ఎం-బుక్కులో కొలతలు రాసి సంతకం పెట్టాలి, అది పైకి వెళ్లి డబ్బు ఆమె ఖాతాలోకి రావాలి. ఆ బిల్లు ఆలస్యమైతే ఆమె సిమెంటు కొట్లో అప్పు పెడుతుంది, ఇంకా ఆలస్యమైతే మేస్త్రి వేరే పనికి వెళ్లిపోతాడు. గోడలు లేచి పైకప్పు లేకుండా నాచు పట్టిన ఇళ్లు మనం చూస్తున్నవి చాలావరకు అలా ఆగినవే.

లండన్‌లో ప్రభుత్వ గృహసంస్థ అంటే ఇల్లు కట్టి, తాళం ఇచ్చి, ఏళ్ల తరబడి దాని మరమ్మతులూ బాగోగులూ చూసే యజమాని లాంటిది. మన సంస్థ తోవ వేరు. ఇల్లు లబ్ధిదారుడే కట్టుకుంటాడు. సంస్థ డబ్బు, సిమెంటు, ఇసుక, ఇంజనీరు సలహా ఇచ్చి స్లాబు పడగానే తప్పుకుంటుంది. అందువల్ల మన ఇళ్లలో ఎవరి ఇష్టం వాళ్లది కనిపిస్తుంది. ఒకామె అరుగు పెంచుకుంటుంది, మరొకరు తులసికోట కట్టుకుంటారు, ఇంకొకరు మేడకు మెట్లు వదులుకుంటారు. అందువల్లే రోడ్డు, మురుగుకాలువ, మంచినీళ్లు అనాథలయ్యాయి కూడా. ఇల్లు ఒక శాఖది, డ్రైను ఇంకో శాఖది, కరెంటు స్తంభం మరో సంస్థది. వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగిన పెద్ద ఉన్న కాలనీలే త్వరగా ఊళ్లయ్యాయి.

1996 నవంబరు 6 తుపాను ఈ సంస్థకు పెద్ద పరీక్ష. కోనసీమలో కొబ్బరిచెట్లు నేలమట్టమయ్యాయి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి, లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి. స్లాబు వేసిన ఇల్లు నిలబడి, పక్కనున్న తాటాకిల్లు ఎగిరిపోవడం జనం కళ్లారా చూశారు. ఏ ప్రచారమూ చెప్పలేని పాఠం అది. 2014లో రాష్ట్రం విడిపోయాక సంస్థా రెండయింది. హైదరాబాదు హిమాయత్‌నగర్‌లో ఉన్న కేంద్ర కార్యాలయం వదిలి మనవాళ్లు విజయవాడకు చేరారు.

సామర్లకోటకు ఈ చరిత్ర బాగా దగ్గరగా వచ్చింది 2020 నుంచి. ఆ ఏడాది డిసెంబరు 25న రాష్ట్రమంతటా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది ఇక్కడికి దగ్గర్లోనే, యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో. ముప్పై లక్షలకు పైగా పట్టాలిచ్చే కార్యక్రమం అది. అప్పటి గృహనిర్మాణ మంత్రి చెరుకువాడ శ్రీరంగనాథరాజు ఆచంట ఎమ్మెల్యే, మన గోదావరి మనిషి. 2021లో సంస్థ ఛైర్మన్‌గా దవులూరి దొరబాబును నియమించారు. మన పెద్దాపురం నియోజకవర్గంలో పనిచేసిన నాయకుడాయన. గృహనిర్మాణం కోసమే జిల్లాకో జాయింట్ కలెక్టరును పెట్టిందీ ఆ ఏడే. 2022లో మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చిన లక్ష్మీశ అంతకుముందు తూర్పు గోదావరిలో జాయింట్ కలెక్టరుగా చేసినవారు. ఈ జిల్లా మట్టి ఎక్కడ ఎర్రగా గట్టిగా ఉంటుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో కాకినాడలో పనిచేసిన అధికారికి వేరే చెప్పనక్కర్లేదు.

2023 అక్టోబరు 12న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి సామర్లకోటకు వచ్చి ఈటీసీ లేఅవుట్ కాలనీలో సామూహిక గృహప్రవేశాలు చేయించారు. పంచాయతీరాజ్ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే విస్తరణ శిక్షణ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ఈటీసీ పేరు మనందరి నోళ్లలో ఉన్నదే. రాష్ట్రంలో అప్పటికి ఏడు లక్షల నలభై వేలకు పైగా ఇళ్లు పూర్తయ్యాయని ఆనాటి ప్రభుత్వం లెక్క చెప్పింది. ఒక్కో ఇంటికి లక్షా ఎనభై వేలు, ఇరవై టన్నుల ఇసుక ఉచితం, పొదుపు సంఘాల మహిళలకు పావలా వడ్డీకి ముప్పై అయిదు వేల బ్యాంకు అప్పు. ఆ లక్షా ఎనభై వేలలో లక్షన్నర పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ నిధి. ఇటుక, కంకర, మేస్త్రి కూలి ఆనాటికి ఉన్న ధరల్లో ఆ డబ్బుతో ఇల్లు పూర్తికాదని కట్టుకున్న ప్రతి ఆమెకూ తెలుసు. మెడలో గొలుసు తాకట్టు పెట్టిన ఇళ్లు ఎన్నో.

ఆ పట్టాల్లో ఇచ్చింది పట్టణంలో సెంటు స్థలం, పల్లెలో సెంటున్నర. ఇది చాలదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. పిల్లాడికి పెళ్లయితే రెండో గది ఎక్కడ వేసుకోవాలి? గొడ్డును ఎక్కడ కట్టుకోవాలి? స్థలం పరిమాణం కన్నా స్థలం ఎంపిక ఇంకా పెద్ద విషయం. రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడి ఆవ భూముల్లో ఇళ్ల స్థలాలు ఇవ్వాలనుకున్నప్పుడు వానాకాలంలో నీళ్లు నిలిచే చోటని పెద్ద వివాదం రేగి హైకోర్టు దాకా వెళ్లింది. సామర్లకోట వాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. మనకు ఒకవైపు పెద్దాపురం మెరక, ఇంకోవైపు కాలువల పల్లం. పటం మీద రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో ఒకసారి నడిచి చూసిన ఇంజనీరుకే తేడా తెలుస్తుంది. స్థలం ఖరారుచేసే రోజున మండల ఏఈ మాటకు ఎంత బరువు ఉందన్న దాన్నిబట్టి ఆ నాయకత్వం విలువ కడతాను నేను.

2024లో ప్రభుత్వం మారింది. కొలుసు పార్థసారథి గృహనిర్మాణ మంత్రి అయ్యారు. ఇకమీదట పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు ఇస్తామని కొత్త ప్రభుత్వం చెప్పింది. సగంలో ఆగిన ఇళ్లు పూర్తిచేసుకోవడానికి ఎస్సీ, బీసీ కుటుంబాలకు అదనంగా యాభై వేలు, ఎస్టీలకు డెబ్బై అయిదు వేలు ప్రకటించింది. 2025 నవంబరు 12న అన్నమయ్య జిల్లా దేవగుడిపల్లెలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చేతుల మీదుగా రాష్ట్రవ్యాప్తంగా మూడు లక్షల ఇళ్ల గృహప్రవేశాలు జరిగాయి. ఆ ఇళ్లలో చాలావాటికి పునాది ఒక ప్రభుత్వంలో పడింది, స్లాబు ఇంకో ప్రభుత్వంలో పడింది. కొలత రాసిన ఏఈ, ఫొటో తీసిన ఇన్‌స్పెక్టరు మాత్రం చాలాచోట్ల అదే మనిషి.

సంస్థకు యాభై ఏళ్లు నిండేది 2029లో. అప్పుడు తెచ్చే ప్రత్యేక సంచికలో ముఖ్యమంత్రుల, మంత్రుల, ఛైర్మన్ల ఫొటోలు ఎలాగూ వేస్తారు, వేయాలి కూడా. వాటి వెనక పేజీల్లో ప్రతి మండలానికీ 1979 నుంచి పనిచేసిన ఏఈలు, వర్క్ ఇన్‌స్పెక్టర్ల పట్టిక అచ్చువేయాలని నా విన్నపం. పేర్ల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, పాత ఎం-బుక్కుల్లో ప్రతి కొలత కిందా వాళ్ల సంతకాలున్నాయి. చెదలు పట్టకముందే ఆ పుస్తకాలు బీరువాల్లోంచి తీయించాలి. సామర్లకోట మండలం వరకు ఆ పని మొదలుపెడితే, రిటైరైన ఉద్యోగులను కలిసి సంతకాలను పోల్చి పేర్లు రాసిపెట్టడానికి నాలాంటి వాళ్లం నలుగురం ఇక్కడ సిద్ధంగా ఉన్నాం.